గర్భిణికి పులిపిర్లు వస్తే

2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. అమెరికా సంస్థ పాత్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి తలపెట్టిన పని అది. సుమారు 14 వేల మందికి వేశాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేయించింది. టీకా వేయించుకున్న వారిలో జరిగిన మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలింది మరొకటి: సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టేశారు.

ఆ పిల్లలిప్పుడు తల్లులయ్యే వయసువాళ్లు.

వాళ్లకు వేసిన గార్డాసిల్ టీకా హెచ్‌పీవీ వైరస్‌లోని 16, 18 రకాలతోపాటు 6, 11 రకాలనూ అడ్డుకుంటుంది. మర్మాంగాల దగ్గర వచ్చే పులిపిర్లలో నూటికి తొంభై ఈ చివరి రెండింటి పనే. అయితే ఒంట్లో చేరిపోయిన వైరస్‌ను టీకా వెళ్లగొట్టలేదు. ఆ పని చేసే మందు కూడా లేదు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో అదే పోతుంది. అందుకే వైద్యమంతా పైకి కనిపించే పులిపిర్లకే.

గర్భంతో ఉన్నప్పుడు అవి గబగబా పెరుగుతాయి, ముట్టుకుంటే రక్తం కారుతుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా సున్నమో జిల్లేడు పాలో పూస్తే పుండు పడటం తప్ప ఒరిగేదేమీ లేదు. మామూలు రోజుల్లో డాక్టర్లు రాసే పోడోఫిలిన్ కూడా గర్భిణికి పనికిరాదు, కడుపులో బిడ్డకు ప్రమాదం. ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం మాత్రం వాడొచ్చు. పుల్లకు చుట్టిన దూదితో డాక్టరే పులిపిరి మీద అద్దుతారు. తడి ఆరేకొద్దీ అది మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. మంట ఎక్కువైతే సబ్బు నీళ్లో వంటసోడానో వేస్తే చల్లారుతుంది. పులిపిరి పోకపోతే వారానికోసారి మళ్లీ అద్దాలి. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, కోసి తీసేయడం కూడా ఉన్నాయి. చిన్నవైతే ఊరుకోవచ్చు, కాన్పయ్యాక చాలావరకు అవే ముడుచుకుపోతాయి.

టీకా మాత్రం కాన్పయ్యాకే. గర్భమని తెలియక ముందే ఒక డోసు పడినా భయం లేదు, మిగతావి తర్వాత వేయించుకుంటే సరి.

ఇక సిజేరియన్ మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు కోతతోనే జరిగాయి, దేశంలో ఇదే ఎక్కువ. ఆ లెక్కలోకి పులిపిర్లను కూడా చేర్చనక్కర్లేదు. బిడ్డ వచ్చే దారికి అడ్డుపడేంత పెద్దవైతేనో, కాన్పులో తీవ్రంగా రక్తం పోయేలా ఉంటేనో తప్ప వాటి కోసం కోత వద్దు. వైరస్ బిడ్డ గొంతులోకి చేరి అక్కడ పులిపిర్లు రావడం బహు అరుదు, కోత పెట్టినంత మాత్రాన అది ఆగుతుందన్న నిర్ధారణా లేదు. నెలలు గడుస్తున్నా పసివాడి ఏడుపు బొంగురుగానే ఉంటే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించి, కడుపుతో ఉన్నప్పుడు తనకు పులిపిర్లుండేవని తల్లి చెప్పాలి.