మార్గళి కచేరీలకు మనవాళ్లు ఎలా వెళ్లాలి?

మనం ధనుర్మాసం అనే నెలను తమిళులు మార్గళి అంటారు. డిసెంబరు నడుమ నుంచి జనవరి నడుమ దాకా చెన్నై పాడుతూనే ఉంటుంది. మైలాపూరు, ఆళ్వారుపేట, టి.నగర్‌ పేటల్లో ఎటు నాలుగడుగులు వేసినా ఒక సంగీత సభ, దాని గుమ్మం ముందు ఆ రోజు కచేరీల పట్టిక. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభతో పాటు అఖిల భారత సంగీత సదస్సు కూడా జరిగింది. దాని ఫలితంగానే మరుసటి ఏడాది మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఏటా అకాడమీ జరిపే ఉత్సవానికి మిగతా సభల ఉత్సవాలు తోడై ఇప్పుడందరూ ‘సీజన్’ అని పిలుచుకునే పండుగ తయారైంది.

ఆ పండుగలో మనకు పుట్టింటి హక్కు ఉంది. అక్కడ వినిపించే కృతుల్లో పెద్ద వాటా త్యాగరాజస్వామిది. శ్యామశాస్త్రి కృతులు, క్షేత్రయ్య పదాలు, వర్ణాలు, జావళీలు... చాలావరకు తెలుగే. పక్క కుర్చీలోని తమిళ రసికుడు రెండు సంచారాలు వినగానే రాగం పేరు చెప్పేయొచ్చు. కానీ నెరవల్‌లో గాయని ఒకే పాదాన్ని పట్టుకుని పదేపదే తిప్పి పాడుతుంటే, అందులోని బతిమాలుకోవడం, నిష్ఠూరం సూటిగా గుండెకు తగిలేది మనకే. ‘మాకు శాస్త్రీయ సంగీతం రాదండీ’ అంటూ వెనకాడే తెలుగువాళ్లు ఎందరో. భాష వచ్చినవారికి సగం సంగీతం వచ్చినట్టే. రాగాలు వినగా వినగా అవే పట్టుబడతాయి.

పగటి పాటలే అసలు సంపద

మొదటిసారి వెళ్లేవాళ్లు పెద్ద పేర్లు చూసుకుని సాయంత్రం టికెట్ల కోసం పరుగులు పెడతారు. ఒకటో రెండో అలాంటివి వినాల్సిందే. పేరున్నవారి కచేరీలకు టికెట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి సభల ప్రకటనలు రాగానే కొనుక్కోండి. కానీ రోజుకు నాలుగు సభలు తిరిగితే ఏ కచేరీ మనసులో నిలవదు. పగలొకటి, సాయంత్రం ఒకటి చాలు.

ఆ పగటి కచేరీని మాత్రం వదులుకోవద్దు. చాలా సభల్లో పొద్దుటి పూట, మధ్యాహ్నం ప్రవేశం ఉచితం. అప్పుడు వేదిక ఎక్కేది ఇరవైల్లో ఉన్న యువ కళాకారులు. హాల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. గురువుగారు ముందు వరుసలో కూర్చుని తొడమీద తాళం వేస్తుంటారు. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాల్లో ఎక్కడైనా లెక్క తప్పబోతే పాడుతున్న అమ్మాయి కళ్లు ముందు అటే వెళతాయి. ఆయన తల ఊపగానే ఆ గొంతులోకి ధైర్యం వస్తుంది. పక్కన వయొలిన్ పట్టుకున్న కుర్రాడిదీ అదే వయసు. ఆమె వదిలిన స్వరాన్ని అందుకుని తిరిగి పలికించేటప్పుడు అతని ముఖం వెలిగిపోతుంది. రేపటి విద్వాంసులను ఇంత దగ్గరగా చూసే వీలు సాయంత్రాల్లో దొరకదు.

తెల్లవారుజామున లేవగలిగితే మైలాపూరు కపాలీశ్వరుడి గుడి చుట్టూ ఉన్న మాడవీధుల్లోకి వెళ్లండి. అక్కడ భజన బృందాలు పాడుతూ నడుస్తాయి. ఒకప్పుడు వాగ్గేయకారుడు పాపనాశం శివన్ ముందు నడిచి పాడిన వీధులివి. ఆ భజనలకు టికెట్టూ మైకూ ఉండవు.

తని ఆవర్తనం వేళ లేవకండి

కచేరీ నడుమ మృదంగం, ఘటం లేదా కంజీర మాత్రమే వాయించే ఘట్టం తని ఆవర్తనం. అది మొదలవగానే జనం క్యాంటీనుకు లేస్తారు. చెన్నైలో ఇది పాత అలవాటు. అయినా మీరు కూర్చోండి. మృదంగం ఒక జతిని వాయించి వదిలితే ఘటం దాన్ని అందుకుంటుంది. ఆ మార్పిళ్లు పోనుపోను కుదించుకుపోయి, చివరికి ఇద్దరూ కలిసి కోర్వై అనే ముగింపు లయ అల్లికను మూడుసార్లు వాయించి పాట ఎత్తుగడ మీదికి వచ్చి వాలతారు. గంటల తరబడి గాయకుడికి నీడలా నడిచిన వాద్యకారుడికి దక్కేది ఆ కాసేపే. అప్పుడు లేచి వెళ్లడం ఆయన్ని చిన్నబుచ్చడమే. తప్పనిసరై బయటికి వెళ్లాలంటే పాటకూ పాటకూ మధ్య వెళ్లండి. ఫోన్ మూగబోవాలి, రికార్డింగు వద్దు.

సభ క్యాంటీన్లు మాత్రం తప్పక చూడాల్సినవే. వేడివేడి వడ, పొంగల్, ఫిల్టర్ కాఫీ, మధ్యాహ్నం అరటాకు భోజనం. రద్దీ తప్పించుకోవాలంటే పన్నెండు లోపే వెళ్లాలి.

బస మైలాపూరులోనో ఆళ్వారుపేటలోనో చూసుకుంటే చాలా సభలు నడక దూరంలోనే ఉంటాయి. రైలు దిగినవాళ్లు సెంట్రల్ ఎదుటి పార్క్ టౌన్ నుంచి ఎంఆర్‌టీఎస్ రైల్లో తిరుమయిలై స్టేషన్‌కు చేరవచ్చు. మెట్రో తవ్వకాల వల్ల రోడ్లు ఇరుకయ్యాయి కాబట్టి సాయంత్రాలు కాస్త ముందే బయల్దేరండి. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరులోనూ కురుస్తాయి, గొడుగు ఉండాలి. ఏసీ హాళ్లలో వణుకు పుడుతుంది, శాలువా కూడా తెచ్చుకోండి.

తెలుగు పాట మనకు గర్వమే. అయితే తెలుగు కృతులే రాజ్యమేలుతున్నాయన్న బాధలోంచి అక్కడ తమిళ ఇసై (సంగీతం) ఉద్యమం వచ్చిందనీ, 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడిందనీ మరవకూడదు. ప్యారీస్ కార్నర్ దగ్గర రాజా అణ్ణామలై మన్రంలో ఆ సంఘం జరిపే ఉత్సవానికి ఒక సాయంత్రమైనా వెళ్లండి. మన భాషలోని పాటలను ఇన్నేళ్లు నోరారా పాడి కాపాడినవారి పాటను వినడం మన బాధ్యత.

కచేరీలతో పాటు తెలుగువాళ్లు చూడాల్సిన చోటు ఒకటి మైలాపూరులోనే ఉంది: రాయపేట హైరోడ్డులోని పొట్టి శ్రీరాములు స్మారక భవనం. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచింది అక్కడే. సీజన్ ఊపందుకునే రోజులూ అవే. రెండు కచేరీల మధ్య ఓ గంట అక్కడికీ వెళ్లిరండి.

ఈ డిసెంబరులో నాలుగు రోజులు సెలవు దొరికితే పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరండి. మధ్యాహ్నం కచేరీల్లో ముందు వరుసలు ఖాళీగానే ఉంటాయి, మొహమాటపడకుండా అక్కడే కూర్చోండి.