లీటర్లు తాగినా తీరని దాహం!

బోరబండ గదుల్లో రెండు రకాల కుర్రాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. ఒకరు ఎంఎంటీఎస్ ఎక్కి తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీలో దిగి, రోజంతా కుర్చీలో కూర్చునేవారు. మరొకరు ఫిల్మ్‌నగర్‌లో ఆడిషన్ల చుట్టూ తిరిగేవారు. బరువు తగ్గాలన్న తొందర ఇద్దరిదీ. అన్నం, చపాతీ మానేసి లో కార్బ్ డైట్ మొదలుపెడతారు. వారంలో రెండు కిలోలు తగ్గుతారు. వెంటే తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టేయడం. ఎన్ని నీళ్లు తాగినా దాహమే!

తగ్గింది కొవ్వేనా?

మన కాలేయం, కండరాల్లో దాదాపు 500 గ్రాముల గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు ఆపగానే ఈ నిల్వ కరిగి, నీరు బయటికి పోతుంది. మొదటి వారం తగ్గే బరువులో ఎక్కువ భాగం ఇదే. పైగా ఇన్సులిన్ తగ్గడంతో కిడ్నీలు సోడియాన్ని కూడా వదిలేస్తాయి.

ఇంకో సంగతి. మనం ఉప్పును విడిగా తినం. పప్పు, సాంబారు, పచ్చడి అన్నంలో కలుపుకొంటాం. అన్నం మానేస్తే ఆ ఉప్పూ తగ్గిపోతుంది.

నీళ్లొక్కటే చాలవు

తెలుగునాట ఈ డైట్‌కు ప్రచారం తెచ్చిన వీరమాచనేని రామకృష్ణ విధానంలో రోజుకు 4 లీటర్ల నీళ్లు తాగమంటారు. చాలామంది ఆ లెక్క పట్టుకుని ఉప్పు సంగతి మర్చిపోతారు. సోడియం లేకపోతే తాగిన నీరు ఒంట్లో నిలవదు. మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం ఇంకా పలచబడుతుంది. అది లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. బాగా పడిపోతే వాంతులు, అయోమయం, ఫిట్స్ కూడా రావొచ్చు.

ఏం చేయాలి?

ఉప్పేసిన పలచని మజ్జిగ, నిమ్మనీళ్లు, బొక్కల సూప్ మేలు. పొటాషియానికి పాలకూర, మెగ్నీషియానికి గుమ్మడి గింజలు, బాదం తీసుకోండి.

మెడికల్ షాపులో కనిపించే ప్రతి డ్రింకూ ఓఆర్‌ఎస్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. అదీ పేగులు సోడియాన్ని పీల్చుకోవడానికి. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న డ్రింకులు కూడా ఆ పేరుతోనే అమ్ముడయ్యేవి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల పోరాటం తర్వాత, ప్రమాణాలకు సరిపోని డ్రింకులపై ఓఆర్‌ఎస్ అని రాయొద్దని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది.

దాహం ఆగకపోతే?

ఉప్పు, నీళ్లు సరిచూసుకున్నా దాహం తగ్గక, మాటిమాటికీ మూత్రం వస్తుంటే నెపం డైట్ మీద వేయకండి. అది షుగర్ లక్షణం కావొచ్చు. పరగడుపున 126 లేదా ఆపైన వస్తే డాక్టర్‌ను కలవాల్సిందే. బస్తీ దవాఖానాలో ఈ పరీక్ష ఉచితం.

బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా ఉప్పు, పొటాషియం పెంచొద్దు. షుగర్ మందులు వాడేవారు అడగకుండా ఈ డైట్ మొదలుపెట్టనేవద్దు. ఆడిషన్ ఇంకోటి వస్తుంది, ఆరోగ్యం చెడితే తిరిగి రావడం కష్టం.