తీగకూ అయస్కాంతానికీ నడుమ

మా అక్కయ్యను హొళగుందలో ఇచ్చారు. కర్ణాటక సరిహద్దుకు దగ్గర వూరు. అక్కయ్య కొడుకు పెళ్ళిళ్ళలో గిటారు వాయిస్తాడు. తెలుగు పాట అడిగినా, కన్నడ పాట అడిగినా వాడికి ఒకటే.

కిందటి వేసవి సెలవుల్లో నేను వెళ్ళేసరికి ఇంట్లో పంచాయితీ నడుస్తూంది. గిటారు తగిలించగానే గుయ్‌మని రొద. పైగా లావు తీగలు మీటితే నాదం బొంగురు. అక్కయ్య దగ్గర ఆదోని మార్కెట్టులో పత్తి అమ్మిన డబ్బుంది. అది మళ్ళీ విత్తనాలకు కావాలి.

"ఇది పనికిరాదు మామా, కొత్తది కొనల్ల," అన్నాడు వాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను న్యాయాధిపతిని చేశారు! అసలే కరెంటు వాయిద్యమంటే నాకు చిన్నచూపు. "నాదం తీగలో పుట్టాలి గాని, గోడప్లగ్గులో పుడుతుందిరా?" అన్నాను. వాడు బదులు చెప్పకుండా సెల్‌ఫోనులో మాండలిన్ శ్రీనివాస్ కచేరీ పెట్టాడు. నా నోరు మూతపడింది.

1969లో పాలకొల్లులో పుట్టి, 2014లో కన్నుమూసిన ఆ మహానుభావుడు వాయించినది కరెంటు మాండలినే కదా! మామూలు మాండలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలు. మీటిన నాదం ఇట్టే అణగిపోతుంది. ఆయన జంటలు మాని అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. కరెంటు తోడై నాదం నిలిచింది. నిలిచిన నాదం మీద గమకం పలికింది. వాయిద్యాన్ని తన చెవికి తగినట్టు మలచుకున్నాడన్నమాట.

ఇక మామా అల్లుళ్ళం గిటారు విప్పాం. తీగల కింద వుండే ఆ బిళ్ళను పికప్ అంటారు. లోపల చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ ఏడెనిమిది వేల చుట్లు. పైన ఉక్కుతీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది. రాగిచుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. అయితే ఒంటి చుట్టకు విచక్షణ లేదు. తీగ మాటతోపాటు ట్యూబులైటు చోకు గొణుగుడూ వింటుంది. 1955లో అమెరికాలో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సేత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి, ఒకదాని రొదను మరొకటి చంపేలా చేసి పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. రొద పోతుంది గాని, ఒంటి చుట్టలోని గంటలాంటి స్వచ్ఛత కొంత తగ్గుతుంది. మావాడికి ఆ గంటే కావాలి.

అసలు దోషం తీరా చూస్తే స్క్రూలలో వుంది. మోత ఎక్కువ రావాలని వాడే పికప్‌ను పైకి ఎత్తి బిగించాడు! అయస్కాంతం మరీ దగ్గరైతే తీగను లాగుతుంది. తీగ స్వేచ్ఛగా ఆడలేదు, శ్రుతి తడబడుతుంది. చివరి మెట్టు దగ్గర తీగలు నొక్కిపట్టి, లావు తీగల వైపు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగల వైపు రెండు మిల్లీమీటర్లు ఎడం వుండేలా దించాం. మోత కాస్త తగ్గింది, బొంగురు వదిలింది. తగ్గిన మోతను పెంచడానికి పెట్టెకు మీట వుండనే వుంది. తరువాత రేడియో మెకానిక్కు ఒకాయన లోపలి గూడుకు రాగిరేకు అంటించి ఎర్తుతీగకు కలిపాడు. రొద చాలావరకు అణిగింది.

అక్కయ్య డబ్బు విత్తనాలకే దక్కింది. "ఇంతోటి దానికి ఎంత రాద్ధాంతం చేస్తివిరా!" అని కొడుకును కసిరి, మా ఇద్దరికీ వుగ్గాణి పెట్టింది.

రొద పూర్తిగా పోయిందని మాత్రం అనను. చోకు నుంచి వచ్చే అయస్కాంతపు రొదను రాగిరేకు ఆపలేదు. దానికీ వాడే వుపాయం కనిపెట్టాడు. గిటారు ఒక వైపుకు తిప్పితే గుయ్‌మనడం తగ్గుతుంది. అందుకని ఇప్పుడు పెళ్ళిపందిట్లో కాస్త వారగా నిలబడి వాయిస్తున్నాడు. చూసేవాళ్ళు అదంతా కుర్రవాడి ఠీవి అనుకుంటున్నారు!