ఉప్పునీటి అక్వేరియానికి నురుగే రక్ష
ప్రోటీన్ స్కిమ్మర్ ఎంపికలో కొలతే ప్రధానం.. శుభ్రత లోపిస్తే ఖర్చంతా వృథా

భీమునిపట్నం: సముద్రం పోటుమీద ఉన్న రోజుల్లో ఇసుక తిన్నెల వెంబడి నురుగు పేరుకుపోవడం తీరప్రాంత వాసులకు తెలిసిన దృశ్యమే. నీటిలో కరిగి ఉన్న జీవ వ్యర్థాలను అలలు గాలితో కలిపి చిలకడమే ఆ నురుగుకు కారణం. ఇదే సూత్రాన్ని ఇంటిలోని గాజు తొట్టెకు అన్వయించి రూపొందించిన పరికరమే ప్రోటీన్ స్కిమ్మర్. సముద్రపు చేపలను ఇంట్లో పెంచాలని ముచ్చటపడే వారు తొట్టె, దీపాలు, చేపలపై సొమ్మంతా వెచ్చించి, మిగిలిన కొద్దిపాటి మొత్తంతో ఈ పరికరాన్ని కొనడం పరిపాటి. వరుస ఇలా తలకిందులు కావడంతో కొద్ది నెలలకే నీరు పసుపు రంగుకు తిరిగి చేపలు ఒక్కొక్కటిగా మృత్యువాత పడుతుంటాయి. అలంకరణకు పెంచే సముద్రపు చేపల్లో అత్యధిక భాగం నేటికీ పగడపు దిబ్బల వద్ద పట్టి తెచ్చినవే. అందువల్ల ఈ నష్టం ఇంటి యజమాని జేబుకే పరిమితం కాదు.

పనిచేసే తీరు ఇదీ

చేపల విసర్జితాలు, తినకుండా మిగిలిన మేత నీటిలో మాంసకృత్తులు, కొవ్వులు తదితర సేంద్రియ పదార్థాలుగా కరుగుతాయి. వీటి అణువుల్లో ఒక కొస నీటిని కోరుకుంటుంది, మరో కొస నీటికి దూరంగా జరగాలని చూస్తుంది. గాలి బుడగ ఎదురైతే ఆ రెండో కొస దాని ఉపరితలాన్ని అంటిపెట్టుకుంటుంది. స్కిమ్మర్ గొట్టంలో లక్షలాది సన్నని బుడగలు పైకి లేస్తూ ఈ మలినాన్ని మోసుకెళ్లి, మెడ భాగంలో నురుగుగా మారి, పైనున్న గిన్నెలో పడతాయి. అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండే రైతులు మరుగుతున్న చెరకు రసంపై తేలిన తెట్టును తీసివేస్తేనే బెల్లం తేటగా వస్తుంది. ఇక్కడా తెట్టును ఎప్పటికప్పుడు బయటకు తీయడమే కీలకం.

బుడగ ఎంత సన్నగా ఉంటే అంత మేలు. ఒకే పరిమాణం గల గాలిని సగం వ్యాసమున్న బుడగలుగా విడగొడితే మొత్తం ఉపరితలం రెట్టింపవుతుంది. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా సన్నగానే నిలుస్తాయి. మంచినీటిలో ఇది జరగదు. కనుక గోల్డ్ ఫిష్ వంటి చేపల తొట్టెలకు ఈ పరికరం కొనడం అనవసరం.

ఇది చేయని పనులు

స్కిమ్మర్ ఉంటే ఇక నీరు మార్చనక్కర లేదన్న అపోహ కొందరిలో ఉంది. ఇది అమ్మోనియాను గానీ, నైట్రేట్‌ను గానీ నేరుగా తొలగించదు. వ్యర్థాలు కుళ్లి అమ్మోనియాగా మారకముందే కొంత భాగాన్ని బయటకు పంపుతుంది. మిగిలిన దానిని బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, పిదప నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా నివసించేందుకు రాళ్లు, సిరామిక్ ముక్కలు వంటి ఆధారం తప్పనిసరి. పేరుకున్న నైట్రేట్‌ను తగ్గించేందుకు క్రమం తప్పక కొంత నీటిని మార్చాలి.

విదేశీ పుస్తకాలు సముద్రం నుంచి తెచ్చిన జీవ శిలలు వాడమని సూచిస్తాయి. మన దేశంలో గట్టి పగడాలన్నింటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 మొదటి షెడ్యూలులో చేర్చారు. దిబ్బల నుంచి పగడపు రాయిని తీయడం, అమ్మడం శిక్షార్హం. సముద్ర గుర్రాలకూ అదే రక్షణ ఉంది. కాబట్టి తయారు చేసిన రాళ్లు, సిరామిక్ ముక్కలపైనే ఆధారపడాలి. వాటిపై బ్యాక్టీరియా స్థిరపడటానికి వారాలు పడుతుంది గనుక స్కిమ్మర్‌పై భారం మరింత ఉంటుంది.

ఏ రకం ఎవరికి?

గాలి పంపుతో, చెక్క ముక్క ద్వారా బుడగలు వదిలే రకం చవకైనది. అయితే ఆ చెక్క కొద్ది వారాలకే మూసుకుపోయి తరచూ మార్చాల్సి వస్తుంది. వెంచురి రకంలో నీటి వేగమే గాలిని లోనికి పీల్చుకుంటుంది. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది నీడిల్ వీల్ రకం. ఇందులో పంపు చక్రానికి ఉన్న సన్నని ముళ్లు గాలిని ముక్కలుగా చేస్తాయి. తక్కువ విద్యుత్తుతో సన్నని బుడగలు రావడం దీని ప్రత్యేకత.

అమర్చే చోటును బట్టి చూస్తే, తొట్టె వెనుక తగిలించేవి చిన్న తొట్టెలకు సరిపోతాయి. తొట్టె కింద అరలో మరో నీటి పెట్టె, అంటే సంప్ ఉన్నవారు అందులో ఉంచే రకం తీసుకోవడం మేలు. కొనేముందు అర ఎత్తును కొలవాలి. స్కిమ్మర్ ఎత్తుతో పాటు గిన్నెను పైకి లాగి తీసేందుకు ఖాళీ ఉండాలి. ఈ చిన్న విషయం మరిస్తే శుభ్రపరచడమే కష్టమై, క్రమంగా ఆ పనే మానేస్తారు.

సామర్థ్యం లెక్కించడం ఎలా?

4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు గల తొట్టె ఘనపరిమాణం 9 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున ఇది సుమారు 255 లీటర్లు. దీనికి సంప్‌లోని నీటిని కలిపి, రాళ్లు, ఇసుక ఆక్రమించిన భాగాన్ని తీసివేయాలి. తయారీదారులు డబ్బాపై ముద్రించే సామర్థ్యం తరచూ తక్కువ చేపలున్న తొట్టెను దృష్టిలో ఉంచుకుని చెప్పేదే. అందుచేత అసలు నీటి పరిమాణానికి ఒకటిన్నర రెట్లు, మేత ఎక్కువగా వేసే తొట్టెలకు రెండు రెట్లు సామర్థ్యం గలది ఎంచుకోవాలి. అంతకు మించి పెద్దది కొన్నా లాభం లేదు. వ్యర్థం చాలక నురుగు మెడ దాటి గిన్నెలోకి చేరదు.

అమెరికాలోని బంధువుల ద్వారా పరికరాలు తెప్పించుకునేవారు మరో విషయం గమనించాలి. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను తగ్గిస్తుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు. ఫలితంగా అక్కడి ఏసీ పంపు ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరిగి, గాలిని తక్కువగా పీలుస్తుంది. 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేసే అడాప్టర్ గల డీసీ పంపులకు ఈ ఇబ్బంది లేదు. చక్రం వంటి విడిభాగాలు మన దగ్గర దొరుకుతాయో లేదో ముందే విచారించుకోవాలి.

అమర్చాక ఓపిక అవసరం

కొత్త స్కిమ్మర్ తొలిరోజు నుంచే సవ్యంగా పనిచేయదు. తయారీలో అంటిన జిడ్డు పోయి, లోపలి గోడలపై సన్నని పొర ఏర్పడేందుకు కొద్ది రోజుల నుంచి రెండు మూడు వారాల వరకు పడుతుంది. ఈలోగా పాడైందని తిరిగి ఇచ్చేయరాదు. సంప్‌లో నీటి మట్టం తయారీదారు సూచించిన లోతులో నిలకడగా ఉండాలి. వేసవిలో ఆవిరై తగ్గిన మేరకు ఉప్పునీరు కాక, ఆర్‌వో శుద్ధజలాన్నే కలపాలి. ఉప్పు ఆవిరి కాదు గనుక మళ్లీ ఉప్పునీరు పోస్తే లవణీయత పెరిగిపోతుంది. నురుగు ఎత్తును సరిచేసేటప్పుడు మరను కొద్దిగా తిప్పి, కొన్ని గంటలు వేచి చూడాలి. గిన్నెలో చేరే ద్రవం పలుచని టీ రంగులో ఉంటే తడి నురుగు, చిక్కని కాఫీ డికాక్షన్ రంగులో ఉంటే పొడి నురుగు వస్తున్నట్లు భావించాలి. చేపలు ఎక్కువగా ఉన్నచోట తడి నురుగు ఉపయుక్తం.

శుభ్రతే ప్రాణం

మెడ లోపలి భాగంలో జిడ్డు పొర పేరుకుంటే నురుగు పైకెక్కలేక కుంగిపోతుంది. ఖరీదైన పరికరమైనా అప్పుడు ఒట్టి బుడగల గొట్టమే. గిన్నెను, మెడను రెండు మూడు రోజులకోసారి మంచినీటితో కడగాలి. గాలి పీల్చే సన్నని గొట్టంలో ఉప్పు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. వారానికోసారి దానిని గోరువెచ్చని నీటితో కడగాలి. పంపును 3 నెలలకోసారి విప్పి, వెనిగర్, నీరు సమపాళ్లలో కలిపి కొన్ని గంటలు నానబెడితే సున్నపు పొర కరుగుతుంది. సబ్బు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు. ఏ పనికైనా ముందు ప్లగ్ తీసివేయాలి. నీటి బొట్లు తీగ వెంబడి సాకెట్‌లోకి జారకుండా తీగ సాకెట్ కంటే కిందకు వేలాడేలా చూసుకోవాలి.

నురుగు చెప్పే కబురు

మేత వేసిన తర్వాత, నూనె లేదా క్రీము రాసుకున్న చేయి నీటిలో పెట్టినప్పుడు నురుగు కొన్ని గంటలు తగ్గడం సహజం. కొన్ని మందులు, క్లోరిన్ తొలగించే ద్రవాలు వేసినప్పుడు గిన్నె పొంగిపొర్లుతుంది. ఇవేవీ లేకుండానే ఒక్కసారిగా నురుగు పెరిగితే రాళ్ల చాటున చేప ఏదైనా చనిపోయిందేమో వెదకాలి. తీరం నుంచి నీరు తెచ్చుకునేవారికి వర్షాకాలంలో, వరదల అనంతరం నురుగు సన్నగిల్లుతుంది. గోదావరి, కృష్ణ వంటి నదుల నీరు చేరి తీరజలాల్లో ఉప్పు తగ్గడమే ఇందుకు కారణం. తెచ్చిన ప్రతిసారీ సాంద్రతను కొలిచి, 1.025 సమీపంలో ఉంటేనే వాడాలి. హార్బరు, మురుగు కాలువల సమీపంలోని నీరు బొత్తిగా పనికిరాదు.

కరెంటు పోతే..

స్కిమ్మర్ నీటికి ప్రాణవాయువునూ అందిస్తుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగా, సముద్రపు నీరు 6.2 మిల్లీగ్రాములే ఇముడ్చుకుంటుంది. వేసవి రాత్రి కరెంటు పోతే చేపలకు మిగిలే వ్యవధి స్వల్పం. బ్యాటరీతో నడిచే గాలి పంపును సిద్ధంగా ఉంచుకోవాలి. పంపు ఆగినప్పుడు స్కిమ్మర్‌లోని నీరు సంప్‌లోకి దిగుతుంది కనుక అక్కడ ఖాళీ వదలాలి. సరఫరా తిరిగి వచ్చాక గిన్నె పొంగకుండా కాసేపు గమనించాలి.

చేపలు కొనేటప్పుడు తొట్టెల్లో పుట్టి పెరిగిన వాటినే అడగడం ఉత్తమం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను తొట్టెల్లో పొదిగించి పెంచే విధానాన్ని రూపొందించింది. స్కిమ్మర్, రాళ్లు అమర్చి, నీటిలో అమ్మోనియా, నైట్రైట్ పరీక్షల్లో సున్నా చూపే వరకు, సాధారణంగా 4 నుంచి 6 వారాలు, తొట్టెను చేపలు లేకుండా నడపాలి. ఆ తర్వాతే తొలి చేపను తెచ్చుకోవాలి.