సౌదీలో ఓవర్‌టైం: డబ్బా, సెలవా? సంతకం పెట్టేముందు లెక్క చూసుకోండి

కడప నుంచో, నిజామాబాద్ నుంచో సౌదీ వెళ్లినవాళ్లు ఇంటికి పంపే డబ్బులో ఓవర్‌టైం వాటా తక్కువేం కాదు. ఇప్పుడు ఆ డబ్బుకు బదులు జీతంతో కూడిన సెలవు ఇస్తామని కంపెనీ అడగొచ్చు. 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన లేబర్ చట్ట సవరణ అందుకు వీలిచ్చింది. కాకపోతే కార్మికుడు ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే డబ్బే ఇవ్వాలి.

యూనియన్లు బలంగా ఉన్న దేశాల్లో ఈ లెక్కలన్నీ సంఘం, యాజమాన్యం కూర్చుని ఉమ్మడి ఒప్పందంలో రాసుకుంటాయి. సౌదీలో యూనియన్లు లేవు. సూపర్‌వైజర్ కాగితం తెచ్చి ముందు పెడితే, అవునో కాదో కార్మికుడు ఒక్కడే చెప్పుకోవాలి. అరబీ రాకపోతే అదీ కష్టమే.

అందుకే లెక్క ముందే తెలిసుండాలి. చట్టం 107వ అధికరణ ప్రకారం ఓవర్‌టైం గంటకు మామూలు గంట జీతం, దానిపై బేసిక్‌లో 50 శాతం కలిపి ఇవ్వాలి. బేసిక్ 1,500 రియాళ్లు, అలవెన్సులతో మొత్తం 1,800 అనుకుందాం. నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున గంట జీతం 7.50 రియాళ్లు. బేసిక్ గంటకు 6.25, అందులో సగం సుమారు 3.12. అంటే గంటకు పది రియాళ్ల పైనే. నెలకు 20 గంటలు చేస్తే దాదాపు 212 రియాళ్లు.

ఇంత వదులుకుని తీసుకునే సెలవు క్యాంపు గదిలో పడుకోవడానికైతే లాభం లేదు. ఊరికి వచ్చే సెలవుకు కలిపి ఇస్తామంటే ఆలోచించొచ్చు. ఎన్ని గంటలకు ఎన్ని రోజులు, ఎప్పటిలోగా వాడుకోవాలి అన్నది మాత్రం కాగితం మీద ఉండాలి. నోటిమాట సరిపోదు.

రంజాన్‌లో ముస్లిం కార్మికులకు పని రోజుకు 6 గంటలే, వారానికి 36 గంటలు. ఏడో గంట నుంచి ఓవర్‌టైమే. ఈద్ సెలవుల్లో చేసిన పనైతే మొత్తం ఓవర్‌టైం కిందికే వస్తుంది. ఈ సంగతి చాలామంది అడగరు, కంపెనీలూ చెప్పవు.

ఇంటి డ్రైవర్లకు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఈ చట్టం వర్తించదు. వాళ్లకు నిబంధనలు వేరే ఉన్నాయి.

చేసిన గంటలు, తేదీలు ఫోన్‌లో రాసిపెట్టుకుని, ఇంటికీ ఒక కాపీ పంపుతుంటే మంచిది. ఉద్యోగం ముగిసిన 12 నెలల్లోపే లేబర్ కోర్టులో క్లెయిమ్ వేయాలి. ఖురూజ్ కొట్టించుకుని ఊరొచ్చాక బాకీ గుర్తొస్తే, ఆ గడువు అప్పటికే నడుస్తుంటుంది.