విమానాశ్రయమునుండి యిల్లు చేరుట



వేల మైళ్ల దూరము ఆకాశమార్గమున సుఖముగా వచ్చి, తుదకు 24 కిలోమీటర్ల నేలదారి యొద్ద తికమకపడుట నేడు మన కుటుంబములలో తఱచుగా జరుగుచున్నది. కూతురి పురుటికై అమెరికాకు వెళ్లి ఆఱునెలలుండి తిరిగివచ్చు తల్లులు, కువైటులో నొరుల యిండ్ల వంటచేసి రెండేండ్లకొకమాఱు పిల్లలను చూచుకొనుటకై వచ్చు స్త్రీలు, పరదేశమున చదువు ముగించుకొని వచ్చు కన్యలు, వీరందఱును హైదరాబాదు విమానాశ్రయపు ద్వారము దాటగనే యెదుర్కొను ప్రశ్న యొక్కటియే. ఇల్లు చేరుటకు చౌకయైన దారి పట్టుటయా, సుఖమైన దారి పట్టుటయా? ఈ ప్రశ్నకు సమాధానము నింతవఱకు మన యిండ్లలో పురుషులే చెప్పుచుండిరి. స్త్రీలు ఒంటరిగా సముద్రములు దాటుచున్న యీ కాలమున ఇంత చిన్న విషయమునకై యొరులపై నాధారపడుట యుచితము కాదు.

పూర్వము ఈ చిక్కు లేదు. నిజాము పాలనలో 1930వ దశకమున నెలకొన్న బేగంపేట విమానాశ్రయము ఊరినడుమనే యుండెను. ఆటో పిలిచిన గడియలో సికింద్రాబాదు చేరవచ్చును. 2008 మార్చి 23వ తేదీనుండి ప్రయాణికుల విమానములన్నియు శంషాబాదునకు తరలిపోయినవి. అచ్చటి రెండు పరుగుబాటలలో పెద్దదాని పొడవు 4,260 మీటర్లు. విమానాశ్రయపు ఆవరణము ఇంచుమించు 5,500 ఎకరములు. అంత నేల ఊరినడుమ దొరకునది కాదు. కావున విమానమునకు సౌకర్యము పెరిగినది. ప్రయాణికునకు దూరము పెరిగినది. మెహదీపట్టణమునుండి ఆరాంఘరు వఱకు 11.6 కిలోమీటర్ల వంతెనబాటను 2009 అక్టోబరులో తెఱచిరి. నగరము చుట్టును 158 కిలోమీటర్ల వలయపుబాట యేర్పడినది. మెట్రో రైలు మాత్రము విమానాశ్రయమువఱకు రాలేదు. అందుచేత మనకున్న సాధనములు ముఖ్యముగా మూడు: బస్సు, టాక్సీ, ఇంటివారి కారు.

మొదట బస్సు మాట. తెలంగాణ రోడ్డు రవాణా సంస్థవారు విమానాశ్రయమునుండి నగరపు పలుదిక్కులకు శీతలీకృతములైన బస్సులు నడపుచున్నారు. వానికి పుష్పకములని పేరు పెట్టిరి. 2019 మొదలు వానిలో విద్యుచ్ఛక్తితో నడచునవియు చేరినవి. లంకనుండి అయోధ్యకు సీతారాములను చేర్చిన పుష్పకమున నెందఱెక్కినను మఱియొకరికి చోటుండునని మన పెద్దలు చెప్పుదురు. ఈ పుష్పకమునకు ఆ మహిమ లేదు. ఒక్కొక్కరు మూడేసి పెట్టెలు తెచ్చినచో కూర్చుండుటకే యిఱుకగును. అయినను ఒకటి రెండు పెట్టెలతో నొంటరిగా వచ్చు స్త్రీకి, పగటివేళ, ఇంతకంటె చౌకయు నిర్భయమునైన సాధనము లేదు. తోడి ప్రయాణికులుందురు, ధర ముందే నిర్ణయింపబడినది, బేరములాడవలసిన పనిలేదు.

ఇచ్చట నొక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు మహాలక్ష్మి పథకమున ఉచిత ప్రయాణము గలదని మనమెల్లర మెఱుగుదుము. ఆ యుచితము పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు, నగరపు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్సు బస్సులకే గాని పుష్పకములకు వర్తింపదు. ఇది తెలియక రొక్కము లేకుండ బస్సెక్కి చిన్నబోవుటకంటె, విదేశమునుండి వచ్చునప్పుడే కొన్ని వందల రూపాయలు చేతిసంచిలో వేఱుగా నుంచుకొనుట మేలు.

ఇక టాక్సీ. ఇందు రెండు విధములు గలవు. విమానాశ్రయమున అనుమతి పొంది వరుసగా నిలిచియుండునవి యొకరకము. సెల్‌ఫోనుద్వారా పిలిపించుకొనునవి రెండవరకము. రెండవదానికి వెల ముందుగనే తెలియును గాని, ఆ వెల గడియగడియకు మాఱుచుండును. వాన కురిసినను, ఒక్కమాఱు నాలుగు విమానములు దిగినను, బండ్లకు గిరాకి హెచ్చి వెలయు హెచ్చును. పదునైదు నిమిషములు తాళి మరల చూచినచో తగ్గుటయు గలదు. అంతేకాక, చిరకాలము విదేశమున నున్నవారి ఫోను నంబరు ఇచ్చట డబ్బు కట్టనందున చెల్లకపోవచ్చును. అప్పుడు సెల్‌ఫోను టాక్సీ కోరుటకు వీలుండదు. అట్టివారు వరుసలో నిలిచిన అనుమతిగల టాక్సీనో, బస్సునో యాశ్రయింపవలెను.

చౌకయెంత, సుఖమెంత యని తూచునప్పుడు మనవారు చేయు పొరపాటు ఒకటి కలదు. బస్సునకు తలకొక టిక్కెట్టు. టాక్సీకి బండికొక వెల. ఈ భేదమును మఱచి, బస్సెప్పుడును చౌకయనియు టాక్సీ యెప్పుడును దుబారా యనియు తలంచెదరు. ధరలు మాఱుచుండును గనుక లెక్క తెలియుటకు మాత్రమే కొన్ని అంకెలు వేసికొందము. బస్సునకు మనిషికి 300 రూపాయలు, బస్సు దిగినచోటినుండి యింటికి ఆటోకు 150, టాక్సీకి ఇంటిముంగిటి వఱకు 1,000 రూపాయలు అనుకొనుడు. ఒక్కరే యైనచో బస్సు దారిన 450, మిగులు 550. ఇద్దఱైనచో 750, మిగులు 250. ముగ్గురైనచో 1,050, అనగా టాక్సీకంటె 50 రూపాయలు నష్టమే! నలుగురి మాట చెప్పనక్కఱలేదు. టాక్సీ వెల 1,500కు పెరిగిన రాత్రి యీ లెక్క మరల తాఱుమాఱగును. కావున ఆ దినపు ధరలు తెలిసికొని, తలలు లెక్కించి, ఆటో కర్చు కలుపుకొని చూడవలెను. సంతలో కూరలు బేరమాడు గృహిణికి ఈ లెక్క యొక లెక్కయా?

తలల తరువాత పెట్టెలు. అమెరికానుండి వచ్చువారు సాధారణముగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి తెత్తురు. దంపతులు వచ్చిరనిన నాలుగు పెద్ద పెట్టెలు, చేతిసంచులు రెండు. ఇంత సామానుతో బస్సు దిగి ఆటో యెక్కుట నడుమునొప్పిని కొనితెచ్చుకొనుటయే. చిన్న టాక్సీయు చాలదు. పెక్కు టాక్సీలలో వెనుకనుండు సామానుల యరలో గ్యాసు సిలిండరు సగము చోటాక్రమించియుండును. అట్టివారు పిలుచునప్పుడే పెద్దబండిని కోరుట మంచిది. వెల కొంత హెచ్చైనను, రెండు చిన్నబండ్లు పిలుచుటకంటె తక్కువయే యగును.

మూడవది ఇంటివారి కారు. ఇది యుచితమని మనయందఱి నమ్మకము. నిజమున కిందు కనబడని కర్చులు పెక్కు. పోవుటకు రావుటకు పెట్రోలు, వలయపుబాట సుంకము, బండి నిలుపు రుసుము ఒకయెత్తు. మఱునాడు కచేరికి పోవలసిన కుమారుడు నిద్రమాని రాత్రి రెండుగంటలకు బండి నడపుట మఱియొకయెత్తు. తెల్లవారుజామున కనురెప్పలు బరువెక్కినవేళ నేర్పరియైన చోదకుడును పొరపడవచ్చును. అత్తగారు, ఆడబిడ్డ, పిల్లలు అందఱును ఎదురేగుట మన సంప్రదాయములోని ముచ్చట, కాదనను. కాని వచ్చిన మనుష్యులతోనే కారు నిండి, పెట్టెలకై వేఱుగా టాక్సీ పిలుచు సందర్భములున్నవి. వృద్ధులు, రోగులు, పసిబిడ్డల తల్లులు వచ్చునప్పుడు ఎదురేగుట ధర్మము. ఆరోగ్యముగా నున్న స్త్రీ తానే వచ్చెదనన్నప్పుడు, ఇంటిలో వేడినీళ్లును వేడి యన్నమును సిద్ధము చేసి యెదురుచూచుటయు ప్రేమయే.

హైదరాబాదు గమ్యము కానివారికి మఱియొక మాట. కడప, కర్నూలు వైపు పోవువారు నగరములోనికి పోయి, మహాత్మాగాంధి బస్సు స్టేషనున బస్సెక్కి, మరల ఆరాంఘరు, శంషాబాదుల మీదుగా వెనుకకు వత్తురు. వచ్చినత్రోవనే మఱలివచ్చుటకు రెండుమాఱులు డబ్బు, మూడుగంటల కాలము వ్యర్థము. బస్సుటిక్కెట్టు కొనునప్పుడే ఆరాంఘరున నెక్కెదమని వ్రాయించుకొనవచ్చును. విజయవాడ, గోదావరి సీమలకు పోవువారికి ఎల్.బి. నగరము దగ్గఱ. అచ్చటినుండి మియాపురము వఱకు మెట్రో రైలును గలదు. కాని యది రాత్రులందు నడువదు. కరీంనగరము వైపువారికి సికింద్రాబాదులోని జూబిలీ బస్సు స్టేషను గమ్యము. ఏ దిక్కునకు పోవలయునో ఆ దిక్కు బస్సెచ్చట దొరకునో విమానమెక్కక మున్నే విచారించుకొనవలెను.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తును. గల్ఫు దేశములమీదుగా వచ్చు విమానములు పెక్కు అర్ధరాత్రమునకును తెల్లవాఱుటకును నడుమ దిగును. ఆ వేళ బస్సులు నడచునుగాని, బండికిని బండికిని నడుమ ఎడమెక్కువ. ఏకాంతముగా నున్న కూడలిలో బస్సు దిగి, తెలియని ఆటోలో సందుగొందులు తిరుగుట యొంటరి స్త్రీకి తగదు. అట్లని కష్టార్జితమును టాక్సీకి ధారపోయుటయు అందఱికిని సాధ్యము కాదు. రెండేండ్లు పరాయి యింట గిన్నెలు తోమిన చేతికి ఐదువందల రూపాయల విలువ తెలియును. ఆమెకు నేను చెప్పున దిది. చౌక, సుఖములు రెండే గాక మూడవది కాలము కలదు. డబ్బు లేనిచోట కాలమును వెచ్చింపవచ్చును. తెల్లవాఱువఱకు విమానాశ్రయ ప్రాంగణమునందే దీపముల వెలుగున, జనుల నడుమ కూర్చుండి, కాఫీ త్రాగి, సూర్యోదయమున బస్సెక్కిన యెడల సొమ్మును దక్కును, భయమును తప్పును. ఇంటివారికి ముందే యీ సంగతి తెలిపిన వారును దిగులుపడరు.

రాత్రియే టాక్సీ యెక్కవలసివచ్చినచో కొన్ని జాగ్రత్తలు తప్పవు. ద్వారముకడ ఎవరైనను తామే వచ్చి, “అమ్మా, చౌకగా తీసికొనిపోదును” అని పెట్టెపై చేయివేసిన యెడల, మాటలాడక ముందుకు సాగవలెను. ఫోనులో వచ్చిన బండినంబరును బండిపైనున్న నంబరుతో సరిచూచుకొని మఱి యెక్కవలెను. బాడుగబండికి పసుపుపచ్చని పలకమీద నల్లని యక్షరములుండును; విద్యుత్తుతో నడచు బాడుగబండికి ఆకుపచ్చని పలకమీద పసుపు అక్షరములు. తెల్లని పలక సొంతబండిది. అది టాక్సీ కాదు. బండి కూర్చిన వారు పంపిన రహస్యపు అంకెను బండి సరిచూచుకొన్న పిమ్మటనే చెప్పవలెను. వెనుక పీఠమున కూర్చుండి, పోవు మార్గమును ఫోనుద్వారా ఇంటివారికి తెలియునట్లు పంపవలెను. ఆపదవేళ పిలువదగిన నంబరు 112. స్త్రీల సహాయమునకు 181. ఈ రెండంకెలు కంఠస్థముగా నుండుట మంచిది.

కొందఱు స్త్రీలు టాక్సీ యెక్కుట గొప్పయనియు బస్సెక్కుట నామోషీ యనియు తలంతురు. మఱికొందఱు మోకాళ్ల నొప్పులతోనే పెట్టెలీడ్చుచు, “నాకై డబ్బెందుకు” అని బస్సే యెక్కుదురు. ఈ రెండును పొరపాటులే. బిడ్డల కేది కావలయునో తూచి చేయు తల్లి, తన శరీరమును తన క్షేమమును మాత్రము లెక్కలో వేసికొనకుండుట యేమి న్యాయము? ఒంటరి, తేలిక సామాను, పగటివేళ: బస్సెక్కుడు. ముగ్గురు నలుగురు, బరువు సామాను, లేక దేహమున నలత: టాక్సీ యెక్కుడు. నడిరేయి, చేతిలో డబ్బు తక్కువ: తెల్లవాఱువఱకు కూర్చుండుడు. ఈ మూడుమాటలు గుర్తుంచుకొనిన చాలును.

ఊరు చేరిన స్త్రీ, “ఎవరు వత్తురో, ఎట్లు పోవుదునో” యని ద్వారముకడ బిక్కమొగముతో నిలువక, లెక్క తెలిసి, దారి తెలిసి, తన యిల్లు తాను చేరవలెను. మీ యింట ప్రయాణమునకు సిద్ధమగుచున్న తల్లికో చెల్లెలికో ఈ సంగతులు పెట్టె సర్దునప్పుడే చెప్పుదురుగాక.