గోదావరి గట్టున గూడ్సు బండ్ల కోసం

సెలవు దినాన తెల్లవారకముందే మేము నలుగురు మిత్రులము కెమెరాలతో రాజమహేంద్రవరం వద్ద గోదావరి గట్టుకు చేరుకొన్నాము. మా గురి ప్రయాణికుల బండ్లు కావు, గూడ్సు బండ్లు.

ఎదుట హేవలాక్ వంతెన. 1900లో ప్రారంభమైన ఆ 56 ఉక్కు స్పానుల కట్టడం మద్రాసు, కలకత్తా మార్గానికి వెన్నెముకగా నిలిచి, 1997లో విశ్రాంతి పొందింది. నేడు దానిపై ఏ బండీ నడవదు. ప్రక్కనున్న కాంక్రీటు వంతెనకు 97.55 మీటర్ల చొప్పున 28 కమానులు.

58 వాగన్ల బొగ్గు బండి పొడవు 600 మీటర్ల పైచిలుకు, వంతెన 2.7 కిలోమీటర్లు. కనుక ఇంజను మొదలు బ్రేకువాను దాకా బండి యావత్తూ నీటిపైనే ఒక్క ఫోటోలో ఇముడుతుంది. మంచు విడుతున్న వేళ అటువంటి దృశ్యమే లభించింది.

అయినా మనస్సు కలుక్కుమన్నది. పాత వంతెన మీదుగా మేము ఎన్నిమార్లు ప్రయాణించామో! అప్పుడూ కెమెరా ఉండేది. యంత్రాల పగుళ్ళకు, అతుకులకు మాత్రమే దానిని వాడాము. ఆవిరి ఇంజను, చేయి సిగ్నలు, ఆ వంతెనపై సాగిన బండి, వేటికీ మా వద్ద ఒక్క ఫోటో లేదు.

అందుకే ఈమారు బ్రేకువానులో పచ్చజెండాతో నిలిచిన గార్డును కూడా వదలలేదు. 2022 నుండి ఆయన హోదా ట్రైన్ మేనేజరు. పేరు మారింది, రేపు వానూ మారవచ్చు.

పాఠకుల ఇండ్లలో పాత ఆల్బములు ఉంటే, ప్రతి ఫోటో వెనుక ఊరు, సంవత్సరం నేడే వ్రాసి ఉంచవలసినదిగా మా మనవి.